ఒక దర్వాజ, ఇద్దరు కావలివాళ్లు

సిద్దిపేట,
15-9-2011, గురువారం

చిరంజీవి రజితకు, మేనమామ రాజమల్లయ్య ముందుగా దీవెనలు, ఆ వెనక తిట్లు పంపుతున్నాడు.

దీవెనలు ఎందుకంటే, పోయిన నెల వచ్చి నా కంప్యూటర్‌ను బాగు చేసి పోయావు. తిట్లు ఎందుకంటే, పోయాక ఒక్క ఉత్తరం లేదు. మీ అత్తకు ఫోన్ చేస్తే నాకు రాసినట్టు కాదు. ముప్పై ఎనిమిదేళ్లు ప్రెస్సులో ట్రెడిల్ మిషన్ పక్కన నిలబడి అక్షరాలు పేర్చినవాణ్ని, ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఇప్పుడు నాకు వినపడేది కాగితం ఒక్కటే.

ఇక్కడ సకల జనుల సమ్మెకు ఇవాళ మూడో రోజు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. బొగ్గు బాయిల వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు గనుక కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. పోయినప్పుడు ఎవరూ తిట్టడం లేదు, సమ్మె బాగా నడుస్తోందని చప్పట్లు కొడుతున్నారు. పోస్టాఫీసు ఢిల్లీ సర్కారుది కాబట్టి అదొక్కటి తెరిచి ఉంది. కానీ బస్సులు లేనప్పుడు ఉత్తరాల సంచి ఎట్లా పోతుందో, ఎప్పుడు చేరుతుందో దేవుడికే ఎరుక.

అసలు సంగతికి వస్తాను. మన వాడ శిబిరంలో తెలంగాణ కోసం రిలే దీక్షలకు కూర్చున్న వాళ్లందరి పేర్లతో ఒక పుస్తకం వేయాలని కమిటీ అనుకుంది. పని నాకు అప్పగించింది. మొత్తం వెయ్యీ నూట నలభై ఆరు మంది. వాళ్ల పేర్లు ఇన్నాళ్లూ చీటీల మీద, బీడీ కట్టల కాగితాల మీద, పెళ్లిపత్రికల వెనకాల రాసి పెట్టారు. అన్నీ కంప్యూటర్‌లో కొట్టేశాను. అక్టోబర్ తొమ్మిదిన కరీంనగర్ రోడ్డు మీద వంటావార్పు ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తింటాం. ఆ రోజే పుస్తకం పంచి, ప్రతి పేరూ మైకులో చదవాలి.

నారాయణరావుపేట నుంచి వచ్చి మన గల్లీలో కిరాయికుంటున్న కొండవ్వ నీకు తెలుసు గదా, బీడీలు చుడుతుంది. నలభై ఒక్కసార్లు దీక్షకు కూర్చుంది. నిన్న నా ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేటట్టు మెల్లగా అన్నది: "తమ్మీ, ఎవలెవలో అచ్చి నా పేరు రాస్కపోతరు. గని నలుగుర్ల సదివినోడు ఒక్కడు లేడు. నువ్వు సదువుతవా?" చదువుతానని మాటిచ్చాను.

పేర్లు కొట్టి, రెండుసార్లు ప్రూఫ్ చూసి, చీటీలన్నీ పొయ్యిలో పెట్టాను. ప్రెస్సు నాటి పద్ధతి అది. ప్రూఫ్ పాసయ్యాక చేతిరాత ప్రతిని ఉంచితే, ఎవడో ఒకడు దాన్ని పట్టుకొచ్చి నీ నెత్తిన కూర్చుంటాడు.

ఇంకో సంగతి. నువ్వు కంప్యూటర్‌కు రెండు కావళ్లు పెట్టి పోయావు గదా, ఫైర్‌వాల్ ఒకటి, యాంటీవైరస్ ఒకటి. ఆ రెండోది నా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌ను దొంగ అని పట్టుకుని తెరవనివ్వడం లేదు. రోజుకు పదిసార్లు ఎర్ర డబ్బా చూపిస్తుంది. విసుగొచ్చి దాన్ని పీకేశాను. ఒక్క దర్వాజకు ఇద్దరు కావలివాళ్లు దండగ. ఫైర్‌వాల్ ఉంది, చాలు. "ఫైర్‌వాల్ ఏసిన మామా, ఇగ నీకు రంది లేదు" అని నా పలక మీద రాసి చూపించింది నువ్వే.

ఇట్లు,
పని ముగించి కాళ్లు చాపుకున్న మామ

హైదరాబాద్,
19-9-2011

మామా, నీ తిట్లు చేరినయి, దీవెనలు కూడా.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చివరికొచ్చేసరికి లేచి నిలబడ్డాను. రోజుకు అరవై మందికి ఇంట్లో కంప్యూటర్ ఎట్లా కాపాడుకోవాలో ఫోన్‌లో చెప్పి జీతం తీసుకుంటాను. సొంత మామకు మాత్రం పలక మీద ఒక్క ముక్క రాసి బస్సెక్కాను. తప్పు నాది. ఇప్పుడు సరిగ్గా చెబుతాను, కోప్పడకుండా చదువు.

మీ ప్రెస్సు గేటు దగ్గర గూర్ఖా ఉండేవాడని, లోపల ప్రూఫులు చూసే సుమిత్రమ్మ ఉండేదని చెప్పేవాడివి. గూర్ఖా చూసేది గేటులోంచి ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అన్నదే. పిలవని వాణ్ని ఆపుతాడు. కానీ నువ్వు జేబులో ఒక కాగితం పెట్టుకుని వస్తే, అందులో ఏముందో చదవడు. సలాం కొట్టి లోపలికి పంపుతాడు. ఫైర్‌వాల్ పని కూడా అంతే. ఇంటర్నెట్ తీగ గుండా వచ్చేపోయే రాకపోకల మీదే దాని చూపు.

సుమిత్రమ్మ సంగతి వేరు. కాగితం ఎవరు తెచ్చారో ఆమెకు పట్టింపు లేదు. బల్ల మీద పడ్డ ప్రతి వరుసా చదివి తప్పును పట్టుకుంటుంది. యాంటీవైరస్ చేసేది ఆ పని. లోపలికి చేరిన ఫైళ్లను చదివి, పాడుదాన్ని పట్టుకుని పక్కన పెడుతుంది. పెన్‌డ్రైవ్ అంటే నువ్వు జేబులో తెచ్చిన కాగితమే మామా. గూర్ఖా దాన్ని ఆపడు. నువ్వు ఇంట్లోంచి వెళ్లగొట్టింది సుమిత్రమ్మను.

అక్షరాల సాఫ్ట్‌వేర్‌ను దొంగ అన్నదని నీ కోపం. సుమిత్రమ్మ కూడా ఒకసారి మన ఊరి మాటను తప్పనుకుని గీత కొట్టిందట గదా. అందుకని ఆమెను పనిలోంచి తీసేశారా? "ఈ మాట మనదే, వదిలెయ్యమ్మా" అని చెప్పారు. యాంటీవైరస్‌కు కూడా అట్లా చెప్పొచ్చు. ఎట్లాగో వేరే కాగితం మీద రాసి పెట్టాను.

అది మళ్లీ వేసేదాకా ఎవరి పెన్‌డ్రైవూ ముట్టకు. పేర్లను ఒక సీడీలోకి ఎక్కించి బీరువాలో పెట్టు. చీటీలు కాల్చినందుకు నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు, అత్తను అడిగి రాస్తాను.

నీ కోడలు,
రజిత

సిద్దిపేట,
21-9-2011

రజితా, నా కొంప మునిగింది.

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఇక ఆగలేక రాస్తున్నాను. నిన్న పొద్దున కంప్యూటర్ తెరిస్తే, పేర్లున్న ఫోల్డర్ మీద చిన్న బాణం గుర్తు ఉంది. తెరిస్తే పేర్లు లేవు. పక్కనున్న ఫోల్డర్లన్నిటి మీదా బాణాలే. ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి ఉంచాను, అందులోనూ బాణాలే. 

వారం రోజులుగా వాడంతా శిబిరం ఫోటోలని, పాటలని పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని ఇంటికి వస్తోంది. నా దగ్గరున్నవి వాళ్లకు, వాళ్ల దగ్గరివి నాకు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లు ఇచ్చినట్టు, తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టుకోవడం ఇక్కడ మర్యాద అయిపోయింది. వద్దంటే, మమ్మల్ని అనుమానిస్తున్నాడని మొహం ముడుచుకుంటారు. సమ్మె రోజుల్లో ఎవరితో చెడ్డ అనిపించుకోను?

అయితే ఈ పురుగు పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిందనుకోను. ఇంటర్నెట్ తీగలోంచే వచ్చి ఉంటుంది, నీ ఫైర్‌వాల్ పడుకుని ఉంటుంది. అందుకని తీగను కత్తెరతో కోసేశాను. నా అనుమానమంతా నెట్ సెంటర్ ఆతిఫ్ మీద. ఎందరెందరో వచ్చి కూర్చునే చోటు. అయినా సిగ్గు విడిచి అతని దగ్గరికే పోయి, ఏం పోయిందో చెప్పకుండా, బాణాలొస్తే ఏం చేయాలని అడిగాను. "మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించుకో చాచా" అని పలక మీద రాశాడు. ఫార్మాట్ సీడీ కూడా ఇచ్చాడు.

పోయిన పేర్లు ఎట్లాగూ పోయాయి. ఆదివారం కంప్యూటర్ తుడిచేసి, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ రాసుకుంటాను. కానీ ఎవరు ఏ రోజు కూర్చున్నారో ఎవరికి యాది ఉంటుంది? కొందరైతే ఇప్పుడు భూమ్మీదే లేరు. ముప్పై ఎనిమిదేళ్లలో నా చేతిలోంచి ఒక్క పేరు జారలేదు. కొండవ్వ ఎదురైతే సందు మార్చి నడుస్తున్నాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మీ అత్తకు అసలే వద్దు, ఆమెకు చెబితే శిబిరానికి చెప్పినట్టే. నా మీద ఒట్టు.

తల దించుకున్న
మామ

హైదరాబాద్,
24-9-2011, శనివారం

మామా, ఫార్మాట్ చేయకు. చేయకు. చేయకు.

పేర్లు పోలేదు. ఈ రకం వైరస్‌ను నెలకు వంద చూస్తాను. ఇది ఫైళ్లను తినదు, దాచిపెట్టి వాటి జాగలో బాణం గుర్తున్న దొంగ ఫోల్డర్లను నిలబెడుతుంది. బాణాన్ని నొక్కితే అదే ఇంకా పాకుతుంది. నీ పేర్లు అక్కడే ఉన్నాయి, నీకు కనపడటం లేదంతే. కంప్యూటర్ తుడిచావంటే మాత్రం నిజంగానే పోతాయి. పేర్లను పోగొట్టేది వైరస్ కాదు, నీ ఆదివారం పని.

స్పీడ్ పోస్టులో ఒక సీడీ పంపాను. అందులో ఈ వైరస్‌ను గుర్తుపట్టే కొత్త యాంటీవైరస్ ఉంది. వరుసగా ఏం నొక్కాలో, చివరికి దాచిన ఫైళ్లను ఎట్లా బయటికి తేవాలో అంకెలు వేసి రాశాను.

రేపే ఆదివారం. ఈ ఉత్తరం రేపటికి చేరదు. నీకు ఫోన్ చేస్తే వినపడదు. అందుకని నేనొక పాపం చేశాను. అదేమిటో ఇప్పుడు చెప్పను.

రజిత

సిద్దిపేట,
26-9-2011

రజితా, ఇంట్లో దొంగలు పడ్డారు.

నిన్న తలస్నానం చేసి, దేవుడికి మొక్కి, ఆతిఫ్ ఇచ్చిన ఫార్మాట్ సీడీ పట్టుకుని కూర్చున్నాను. అదృష్టం, కరెంటు కూడా ఉంది. తీరా చూస్తే కంప్యూటర్‌ను గోడకు తగిలించే కరెంటు తీగ లేదు! వెండి పళ్లెం ఉంది, మీ అత్త బంగారు గుండ్ల దండ ఉంది, తీగ ఒక్కటే మాయం. ఇల్లంతా వెతికాను. మీ అత్తను అడిగితే చేతులు తిప్పి, కోతి ఎగిరినట్టు చూపించింది. కోతికి కంప్యూటర్ తీగ ఎందుకే అంటే, నాకేం ఎరుక అన్నట్టు మొహం పెట్టి శిబిరానికి పోయింది.

నాకు ఆతిఫ్ మీదే అనుమానం. ఆ తీగలు అమ్మేది అతనే. కొత్తది కొందామంటే బంద్, దుకాణాలు తెరవడం లేదు. తుడవడానికి లేదు, రాయడానికి లేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నీ పంతొమ్మిదో తారీఖు ఉత్తరం ఇవాళ చేరింది. వారం ముందు వస్తే నీ సొమ్మేం పోయింది? మూడుసార్లు చదివాను. గూర్ఖాను ఉత్తపుణ్యానికి తిట్టాను. గేటు దగ్గర వాడి పని వాడు చేస్తూనే ఉన్నాడు. సుమిత్రమ్మను నేనే బయటికి పంపి, జేబులు నింపుకుని నేనే లోపలికి వచ్చాను. కోసిన ఇంటర్నెట్ తీగను చూస్తే సిగ్గుగా ఉంది. కానీ ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఇంక పదమూడు రోజులే ఉన్నాయి.

మామ

హైదరాబాద్,
28-9-2011

మామా, ఆతిఫ్‌ను ఏమీ అనకు. తీగ దొంగ నేనే. చేయి మాత్రం నీ ఇంట్లోది.

శనివారం నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి అత్తకు ఫోన్ చేశాను. పేర్ల సంగతి చెప్పలేదు, ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. "అత్తా, మామను కంప్యూటర్ ముట్టనియ్యకు. ఎందుకని అడగకు" అన్నాను. అత్త "అడుగ. ముట్టనియ్య" అని ఫోన్ పెట్టేసింది. అంతే. తీగను ఏం చేసిందో నాకూ తెలియదు, ఆమెనే అడుగు.

రజిత

సిద్దిపేట,
2-10-2011

బంగారు తల్లీ రజితా!

నీ సీడీ, నీ రెండు ఉత్తరాలు నిన్న ఒకేసారి వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ పోకముందే శిబిరానికి పరుగెత్తాను. మీ అత్త ఐలవ్వ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. తీగ ఇవ్వమని చేయి చాచాను. ఆమె లేచి, అటు తిరిగి, కొంగు కింద నడుముకు చుట్టుకున్న తీగను విప్పి నా చేతిలో పెట్టింది. ఆరు రోజులు దాన్ని మొలతాడులాగా కట్టుకుని దీక్షలో కూర్చుందట. ఇంట్లో ఎక్కడ పెట్టినా నేను వెతికి పట్టుకుంటానని. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నా మాట కాదన్నందుకు మొక్కాలనిపించింది నిన్ననే.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు వచ్చింది. మూడు గంటలు ఉంటుందని అంచనా. నీ కాగితం మోకాలి మీద పెట్టుకుని, అంకె ప్రకారం ఒక్కొక్కటీ చేశాను. సీడీ ఎక్కించాను. కొత్త సుమిత్రమ్మ పని మొదలుపెట్టింది. ఎర్ర డబ్బా వచ్చింది. మళ్లీ వచ్చింది. అప్పట్లో దాన్ని చూస్తే ఒళ్లు మండేది, నిన్న మాత్రం ముద్దొచ్చింది. మూడు వందల పన్నెండు చోట్ల పురుగును పట్టింది. నా అక్షరాల సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగి మళ్లీ అదే అనుమానం. నువ్వు చెప్పినట్టు, ఇది మనదే అని గుర్తు పెట్టాను. ఒప్పుకుంది.

ఇక దాచిన ఫైళ్లు చూపించు అన్న చోట నొక్కాను. తెర మీద మసకమసకగా ఒక ఫోల్డర్ లేచింది. తెరిచాను. అన్నీ ఉన్నాయమ్మా. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా. వేలు పెట్టి లెక్కపెట్టాను. వెయ్యీ నూట నలభై ఆరు. బోరున ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో నాకేం తెలుస్తుంది, పక్కింటివాళ్లు మాత్రం గోడ మీద నుంచి తొంగిచూశారు. వెంటనే రెండు సీడీల్లోకి ఎక్కించాను. ఒకటి బీరువాలో పెట్టాను, ఒకటి మీ అత్తకు ఇచ్చాను. ఆమె దగ్గరుంటే నేను కూడా తీసుకోలేను.

ఇంతవరకు సంతోషం. ఇప్పుడు సిగ్గు. ఆతిఫ్‌ను అనుమానించినందుకు మనసు ఊరుకోక అతని దగ్గరికి పోయి ఒప్పుకున్నాను. అతను తన కంప్యూటర్‌లో ఒక పట్టీ తెరిచి చూపించాడు. సెప్టెంబర్ పదిహేడున అతని యాంటీవైరస్ ఈ పురుగును పట్టింది. నా పెన్‌డ్రైవ్‌లో! కవర్ పేజీ చూపిద్దామని ఆ రోజు నేనే తీసుకుపోయాను. పెద్దమనిషినని నొచ్చుకుంటానని చెప్పలేదట. అంటే అతని కంప్యూటర్లు నాకు అంటించలేదు, నేనే ఆ పెన్‌డ్రైవ్‌తో ఆ వారమంతా నాలుగిళ్లు తిరిగి మర్యాదగా పంచి వచ్చాను. మొదట ఎవరిది నాకొచ్చిందో దేవుడికే తెలియాలి. దాన్ని ఊరంతా తిప్పింది మాత్రం నేనే.

ఇది శిబిరంలో చెప్పాలా, కడుపులో దాచుకోవాలా? నువ్వు చెప్పు.

మామ

హైదరాబాద్,
5-10-2011

మామా, నీ ఉత్తరం హాస్టల్‌లో అందరికీ చదివి వినిపించాను. అత్త మొలతాడు దగ్గర ఆపి రెండుసార్లు చదవమన్నారు.

తొమ్మిదిన నేను రాలేను, బస్సులు లేవు, ఆఫీసులో సెలవూ లేదు. ఆ రోజు మాత్రం పొద్దున్నుంచీ మనసంతా కరీంనగర్ రోడ్డు మీదే ఉంటుంది.

ఇప్పుడు కొత్త ఇంటర్నెట్ తీగ వేయించుకో. సీడీలో ఉన్నది ఇవాళ్టి పురుగులనే గుర్తుపడుతుంది, రేపు పుట్టేవాటి ఆనవాళ్లు ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి. తీగ వేశాక గేటు దగ్గర ఫైర్‌వాల్ లేకపోతే మళ్లీ మొదటికొస్తాం. రెండూ కావాలి మామా. ఒకదాని పని ఇంకోటి చేయదు.

చెప్పాలా వద్దా అని అడిగావు. ఆ నాలుగిళ్లలో ఇంకా బాణాలు పాకుతూనే ఉండి ఉంటాయి. ఆ పైన నీ ఇష్టం.

రజిత

సిద్దిపేట,
10-10-2011

రజితా, నిన్న నువ్వు లేకపోవడం ఒక్కటే లోటు. మిగతా అంతా నిండుగా జరిగింది.

నీ ఉత్తరం రాకముందే, దసరా మర్నాడు శిబిరంలో లేచి చెప్పేశాను. "పురుగు నా ఇంట్లకెల్లే మీ ఇండ్లకు పోయింది. కావలోన్ని ఎల్లగొట్టింది నేనే. మీరు తిట్టుర్రి, నాకెట్లగు ఇనవడది" అన్నాను. అందరూ నవ్వారు, తిట్టినవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం నుంచే శిబిరం పక్కన బల్ల వేసుకుని, ఆతిఫ్ ఇచ్చిన పాత కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు ఉన్నంతసేపు లైను తగ్గలేదు. రెండు రోజుల్లో నూట ఆరు పెన్‌డ్రైవ్‌లు కడిగాను. ఆ నాలుగిళ్లకు నేనే పోయి బాగు చేసి వచ్చాను. ఇప్పుడు మన వాడలో పెన్‌డ్రైవ్ పెట్టే ముందు చూపించమనడం మర్యాద, చూపించకపోవడం తప్పు. అరవై రెండేళ్ల వయసులో నన్ను డాక్టర్ సాబ్ అంటున్నారు!

పుస్తకం ఆతిఫ్ ప్రింటర్ మీద వేశాం. డబ్బులు తీసుకోనన్నాడు. కుట్టింది మీ అత్త, ఇంకో పదిమంది ఆడవాళ్లు.

నిన్న రోడ్డు పొడవునా పొయ్యిలు. మక్కజొన్న గట్క, పప్పుచారు, వంకాయ కూర, పొగకు ఆకాశం కనపడలేదు. అన్నాలు వడ్డించే ముందు మైకు నా చేతికిచ్చారు. నా గొంతు ఎంత పలుకుతుందో నాకు తెలియదు గనుక, దూరంగా నిలబడ్డ ఆతిఫ్ చేయి పైకెత్తితే పెంచాలని, దించితే తగ్గించాలని అనుకున్నాం. మొదలుపెట్టాను. ఎవరి పేరు చదివితే వాళ్లు లేచి నిలబడుతున్నారు. పోయినవాళ్ల పేరు వస్తే ఇంటివాళ్లు లేస్తున్నారు. ఒకచోట ముగ్గురు పిల్లలు ఒకేసారి లేచారు. అప్పుడు నా కళ్లకు అక్షరాలు కనపడలేదు, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను.

కొండవ్వ పేరు వచ్చింది. ముసలామె లేచి, కొంగు సర్దుకుని, నలుదిక్కులా తిరిగి అందరికీ కనపడేటట్టు నిలబడింది. చాలాసేపు కూర్చోలేదు. నేనూ తొందర పెట్టలేదు.

చివరి పేరు చదివేసరికి గంటంబావు అయింది. రోడ్డు మీద కూర్చున్నవాడు ఒక్కడు లేడు, ఎక్కడి జనం అక్కడే నిలబడి ఉన్నారు. అందరి నోళ్లూ కదులుతున్నాయి. నినాదాలు ఇస్తున్నారనుకుని నేనూ పిడికిలి ఎత్తాను. ఆతిఫ్ పరుగెత్తుకొచ్చి, కాదని తల ఊపి, పలక లాక్కుని రాశాడు: "మళ్ల సదువుమంటున్రు చాచా. అందరు."

కూర చల్లారిపోతుందని మీ అత్త సైగ చేసింది. నేను మొదటి పేజీ తిప్పి మళ్లీ మొదటి పేరు నుంచి చదివాను.

నీ మామ,
రాజమల్లయ్య